అమ్మ తర్వాత అమ్మ: హజ్రత్ ఉమ్మె ఐమన్ (రజి)

మదనపల్లె, కలికిరి, పీలేరు, వాయల్పాడు ప్రాంతాల ముస్లిం కుటుంబాలకు కువైట్ కొత్త పేరు కాదు. అక్కడి ఇళ్లలో పనికి వెళ్లిన తల్లులు, ఇక్కడ నానీ దగ్గరో దాదీ దగ్గరో పెరుగుతున్న పసిపిల్లలు మన వీధుల్లో చాలామందే ఉన్నారు. స్త్రీ ఒంటరిగా అంత దూరం వెళ్లడం గురించి షరీఅత్ ఏమంటుందన్నది వేరే చర్చ. ఇప్పుడు మేము ఆ పిల్లల గురించి మాట్లాడదలిచాము.

కొంతకాలం క్రితం జుమా నమాజు తర్వాత ఒక పెద్దావిడ మా దగ్గరకు వచ్చారు. ఆమె కూతురు ఎనిమిది నెలల పాపను తల్లి చేతుల్లో పెట్టి కువైట్ వెళ్లింది. పాపకు మూడేళ్లు వచ్చాక సెలవు మీద ఇంటికి చేరింది. ఎత్తుకోబోతే పాప జడుసుకుని నానీ కొంగు చాటుకు పోయింది. నానీనే అమ్మీ అని పిలుస్తున్నది. కన్నతల్లి రాత్రంతా ఏడ్చింది. నా బిడ్డను నాకు కాకుండా చేశావని తెల్లవారి తల్లినే నిందించింది. బిడ్డ చేత అమ్మీ అని పిలిపించుకుని పాపం చేశానా అన్నదే ఆ పెద్దావిడ ప్రశ్న.

ఆమెకు మేము ఫత్వా చెప్పలేదు. ఒక సహాబియ్యా జీవితం చెప్పాము. దానినే ఇక్కడ పాఠకుల ముందు ఉంచుతున్నాము.

హజ్రత్ ఉమ్మె ఐమన్ (రజి) అసలు పేరు బరకహ్. అబిసీనియాకు చెందిన నల్లజాతి స్త్రీ. మహాప్రవక్త ముహమ్మద్ (స) తండ్రి అబ్దుల్లాహ్ ఇంట్లో దాసిగా ఉండేవారు. కుమారుని ముఖం చూడకుండానే అబ్దుల్లాహ్ మరణించారు. ఆయన వదిలి వెళ్లిన ఆస్తి ఐదు ఒంటెలు, కొన్ని గొర్రెలు, ఈ దాసి మాత్రమేనని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. లోకం లెక్కలో ఆమె ఒంటెల పక్కన రాసిన ఒక వస్తువు. కాని ఆ ఆస్తిలో అన్నిటికన్నా విలువైనది ఆమేనని కాలం నిరూపించింది.

అరబ్బుల ఆచారం ప్రకారం పసికందును పాలిచ్చి పెంచడానికి హజ్రత్ హలీమా (రజి) ఎడారిలోని తమ బనూ సఅద్ తెగకు తీసుకువెళ్లారు. కొన్నేళ్ల తర్వాత బాలుడు తల్లి ఆమినా ఒడికి తిరిగి వచ్చాడు. ఆరో ఏట ఆమినా కుమారుణ్ణి, బరకహ్‌ను వెంటబెట్టుకుని యస్రిబ్ (తర్వాతి మదీనా)లోని బనూ నజ్జార్ బంధువుల దగ్గరకు వెళ్లారు. దాదాపు నెల రోజులు అక్కడే ఉన్నారు. తిరుగు ప్రయాణంలో ఆమినా జబ్బుపడి, అబ్వా అనే చోట కన్నుమూశారు. అక్కడే ఖననం జరిగింది.

పాఠకులారా! ఆ ఘట్టాన్ని ఒక్కసారి ఊహించుకోండి. నడిదారిలో కొత్త సమాధి. తండ్రి లేని, ఇప్పుడు తల్లీ లేని ఆరేళ్ల బాలుడు. మక్కా చేరాలంటే ఇంకా రోజుల తరబడి ఎడారి ప్రయాణం. పక్కనున్నది ఒక్క దాసి. ఆమె ఆ బిడ్డను గుండెకు హత్తుకుని మక్కా తీసుకువచ్చి, తాత అబ్దుల్ ముత్తలిబ్‌కు అప్పగించారు. అప్పగించి తన దారిన పోలేదు. అదే ఇంట్లో ఉండి పెంపకం కొనసాగించారు. బాలుని విషయంలో ఏమరుపాటు వద్దని ఆ పెద్దాయన ఆమెను ప్రత్యేకంగా హెచ్చరించేవారు.

రెండేళ్లకు తాత కూడా పోయారు. ఎనిమిదేళ్ల బాలుడు శవపేటిక వెనుక ఏడుస్తూ నడవడం తాను చూశానని ఉమ్మె ఐమనే (రజి) తర్వాత తెలిపారు. ఆ తర్వాత పెదతండ్రి అబూతాలిబ్, ఆయన భార్య ఫాతిమా బిన్తె అసద్ (రజి) ఆయన్ను కన్నబిడ్డలా చూసుకున్నారు. ఇల్లు మారింది, ఇంటి పెద్ద మారాడు. మారకుండా ఉన్న మనిషి బరకహ్.

పిల్లల మనసుకు ఇది ఎంత అవసరమో నేటి వైద్యులూ చెబుతున్నారు. పసిపిల్లల మెదడు మొదటి మూడేళ్లలో అతివేగంగా పెరుగుతుంది. ఏడిస్తే పలికేవారు, నవ్వితే నవ్వేవారు, రోజూ కనిపించే ఒక మనిషి ఉంటే లోకం నమ్మదగినదని బిడ్డ నేర్చుకుంటుంది. ఇంగ్లండుకు చెందిన మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు సమర్పించిన నివేదికలో, తల్లి గాని, శాశ్వతంగా ఆమె స్థానంలో నిలిచే వ్యక్తి గాని పసివాడికి వెచ్చని, తెగని బంధం ఇవ్వాలని రాశాడు. మన ఫిఖహ్ ఈ బాధ్యతను ఏనాడో ఒక హక్కుగా నిర్ణయించింది. దీనిని హజానత్ అంటారు. హనఫీ ఫిఖహ్ ప్రకారం తల్లి తర్వాత ఈ హక్కు నానీది, ఆ తర్వాత దాదీది, ఆపైన అక్కచెల్లెళ్లది, ఖాలాలది. హిజ్రీ 7వ సంవత్సరంలో అమరుడు హమ్జా (రజి) కుమార్తెను ఎవరు పెంచాలన్న వివాదం వచ్చినప్పుడు, ఖాలా తల్లి స్థానంలో ఉంటుందని చెప్పి దైవప్రవక్త (స) ఆ పాపను ఖాలా ఉన్న ఇంటికే ఇచ్చారు.

హజ్రత్ ఖదీజా (రజి)తో వివాహమైనప్పుడు దైవప్రవక్త (స) బరకహ్‌కు స్వేచ్ఛ ప్రసాదించారు. ఖజ్రజ్ తెగకు చెందిన ఉబైద్ బిన్ జైద్‌తో ఆమె వివాహం జరిగింది. పుట్టిన కుమారుడు ఐమన్ పేరు మీదనే ఆమె ఉమ్మె ఐమన్ అయ్యారు. భర్త మరణించాక హజ్రత్ జైద్ బిన్ హారిసా (రజి) ఆమెను వివాహమాడారు. వారి కుమారుడే హజ్రత్ ఉసామా (రజి). తనను ఎత్తి పెంచిన చేతుల ఋణాన్ని దైవప్రవక్త (స) ఆ పిల్లవాడి మీద చూపించారు. ఒక తొడ మీద మనుమడు హసన్ (రజి)ను, మరో తొడ మీద ఉసామా (రజి)ను కూర్చోబెట్టుకుని ఇద్దరి కోసం దుఆ చేసేవారు.

ఉమ్మె ఐమన్ (రజి) తొలినాళ్లలోనే ఇస్లాం స్వీకరించారు, హిజ్రత్ చేశారు. ఉహుద్ మైదానంలో దాహం గొన్న వారికి నీళ్లందించారు, గాయపడిన వారికి సేవ చేశారు. హిజ్రీ 8వ సంవత్సరంలో మూతా యుద్ధంలో భర్త జైద్ (రజి), అదే ఏడాది హునైన్‌లో కుమారుడు ఐమన్ (రజి) అమరులయ్యారు. ఒకే ఏట రెండు దుఃఖాలను ఆమె సహనంతో మోశారు.

ప్రవక్త (స)తో ఆమె చనువు తల్లి చనువు. ఒకసారి ఆయన ఆమె ఇంటికి వెళ్లగా తాగడానికి ఏదో ఇచ్చారు. ఆయన తాగలేదు. సహాబాలు గొంతెత్తడానికి జంకే ఆ మహనీయునిపై ఆమె గట్టిగా కేకలేశారు. మరోసారి, అన్సార్ల ఖర్జూరపు చెట్లను తిరిగి ఇచ్చేస్తున్నప్పుడు, తనకిచ్చిన చెట్లను ఇవ్వనని ఆమె మొండికేశారు. ప్రవక్త (స) విసుక్కోలేదు. పరిహారం పెంచుతూ పోయి, దాదాపు పదింతలు ఇచ్చి ఒప్పించారు. బిడ్డ మారాం చేస్తే తల్లి ఓర్చుకున్నట్టు, ముసలితల్లి మారాం చేస్తే బిడ్డ ఓర్చుకున్నారు.

ఇక్కడ మన ఇళ్లకు కావలసిన పాఠం ఒకటుంది. ఉమ్మె ఐమన్ (రజి)ను తల్లిలా గౌరవించినంత మాత్రాన దైవప్రవక్త (స) ఆమినాను మరువలేదు. ఏళ్ల తర్వాత తల్లి సమాధిని సందర్శించి తాను ఏడ్చారు, చుట్టూ ఉన్నవారిని ఏడిపించారు. రెండో ప్రేమ మొదటి ప్రేమను చెరపదు. పిల్లల గుండెలో ఇద్దరు తల్లులకు చోటుంటుంది. ఆ చోటు ఇరుకయ్యేది పెద్దల అసూయ వల్లనే.

కనుక పిల్లలను పెంచుతున్న అవ్వలకు మా విన్నపం. బిడ్డను నెలకో ఇంటికి మార్చకండి. మీ అమ్మ నిన్ను వదిలేసి పోయిందని హాస్యానికి కూడా అనకండి. రోజూ తల్లి పేరు తలవండి, ఆమె కోసం బిడ్డ చేత దుఆ చేయించండి. ఏడుపు ఆపడానికి బూచివాణ్ణి చూపించకండి, చేతిలో ఫోన్ పెట్టి వదిలేయకండి. వెనుక వరుసలో పసివాడి ఏడుపు వినిపిస్తే, తల్లి మనసు తల్లడిల్లుతుందని నమాజునే కుదించిన ప్రవక్త (స) అనుచరులం మనం.

దూరాన ఉన్న తల్లులకు మరో మాట. వెళ్లేటప్పుడు నిద్రలో వదిలి దొంగచాటుగా వెళ్లకండి, చెప్పి వెళ్లండి. వచ్చినప్పుడు వెంటనే లాక్కోకండి. బిడ్డ భయపడితే అది ద్వేషం కాదు, కొత్త. పక్కన కూర్చోండి, నానీ చేతి నుంచే ముద్ద అందుకుని తినిపించండి. తండ్రులు కూడా తప్పుకోవద్దు. పది మంది పిల్లలున్నా ఒక్కరినీ ముద్దాడలేదన్న అఖ్రా బిన్ హాబిస్‌తో, కరుణ చూపనివారిపై కరుణ చూపబడదని ప్రవక్త (స) తేల్చి చెప్పారు.

దైవప్రవక్త (స) పరమపదించాక హజ్రత్ అబూబక్ర్, హజ్రత్ ఉమర్ (రజి) కలిసి ఉమ్మె ఐమన్ (రజి)ను చూడడానికి వెళ్లారు. ప్రవక్త (స) చేసిన పనే తామూ చేయాలన్నది వారి ఉద్దేశం. ఆమె ఏడ్చారు. ఆకాశం నుంచి వహీ ఆగిపోయినందుకు ఏడుస్తున్నానని చెప్పడంతో ఆ ఇద్దరూ కన్నీరు ఆపుకోలేకపోయారు. ఆ తర్వాత ఐదు నెలలకే ఆమె అల్లాహ్ సన్నిధికి చేరారని ఒక ఉల్లేఖనం. ఉస్మాన్ (రజి) ఖిలాఫత్ కాలం వరకు జీవించారని మరికొందరు చరిత్రకారుల అభిప్రాయం.

ఆ పెద్దావిడ తర్వాతి జుమాకు మళ్లీ కనిపించారు. పాప రాత్రిపూట ఇంకా నానీ పక్కనే పడుకుంటున్నది. కాని పగలు బొమ్మ తెచ్చి తల్లి ఒడిలో పెడుతున్నదట. పాపం చేశానా అని ఆమె ఈసారి అడగలేదు.

కన్నతల్లులకు ఓర్పును, పెంచిన తల్లులకు పుణ్యాన్ని, మన పసిపిల్లలకు ఎన్నటికీ తెగని ప్రేమను అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.