రైతుబిడ్డ కట్టిన కర్మాగారం

హెన్రీ ఫోర్డు పేరు వినగానే అందరికీ కారు గుర్తొస్తుంది. నాకు మాత్రం మా పొలంలోని పొగాకు బ్యారన్ గుర్తొస్తుంది. ఎందుకో చివర చెబుతాను.

ఫోర్డూ మాలాంటి రైతుబిడ్డే. 1863 జూలై 30న అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో, డియర్‌బోర్న్ దగ్గర పుట్టాడు. పొలంపని గిట్టేది కాదు గాని, యంత్రం కనబడితే వదిలేవాడు కాదు. పదహారేళ్లకే డెట్రాయిట్ చేరి యంత్రశాలల్లో పని నేర్చుకున్నాడు. 1903లో ఫోర్డు మోటార్ కంపెనీ పెట్టాడు.

ఆ రోజుల్లో కారంటే కలవారి సొత్తు. దాన్ని సామాన్యుడికి, అందులోనూ రైతుకు, అందించాలన్నదే ఫోర్డు పట్టుదల. 1908లో మోడల్ టి వచ్చింది. ధర సుమారు 850 డాలర్లు. అది దిగాలంటే ఫ్యాక్టరీ పద్ధతే మారాలి గదా! అందుకని ఒకే రకం కారు, దానికోసమే చేయించిన యంత్రాలు పెట్టుకున్నాడు. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో, మనిషి బండి దగ్గరకు నడవడం మాని, బండే మనిషి ముందుకు వచ్చేట్టు చేశాడు. పన్నెండు గంటలకు పైగా పట్టే ఛాసిస్ బిగింపు సుమారు గంటన్నరలో అయిపోయేది. చేసిందే చేసే ఆ పనికి విసిగి కార్మికులు మానేస్తుంటే, 1914లో ఎనిమిది గంటల పనికి అయిదు డాలర్ల దాకా ఇచ్చాడు. 1920లలో కారు ధర 300 డాలర్ల లోపుకు దిగింది. అనుకున్నదానికీ, ఫ్యాక్టరీ చేయగలిగినదానికీ అంత చక్కగా జత కుదిరింది.

కాని జనం కోరిక ఒక్కచోట ఆగదు. రంగులు, హంగులు కావాలన్నారు. జనరల్ మోటార్స్‌వాళ్లు తాహతును బట్టి తలా ఒక కారు చూపించారు. ఫోర్డు చాలాకాలం చెవిన పెట్టలేదు. కోటిన్నర కార్లు చేశాక, 1927లో మోడల్ టి ఆపక తప్పలేదు. దానికోసమే పుట్టిన యంత్రాలెన్నో కొత్త కారుకు పనికిరాలేదు. నెలల తరబడి ఉత్పత్తి ఆగింది, వేలమందికి పని పోయింది. ఆ ఏడే షెవ్రొలే అమ్మకాల్లో ముందుకు పోయింది. ఫోర్డు 1947లో కన్నుమూశాడు.

ఇక మా బ్యారన్ సంగతి. మా నాన్న అప్పుచేసి కట్టించారు. పొగాకు ధర బాగున్నన్నాళ్లూ అదే మా ఇల్లు నిలబెట్టింది, నా ఫీజు కట్టింది. ధర పడిపోయిన ఏడు కూడా, బ్యారన్ ఉంది గనక మళ్లీ పొగాకే వేశాం. ఆ ఏటి అప్పు ఇంకా తీరలేదు.

మిత్రులారా, ఫోర్డు కట్టడం తప్పు కాదు, మా నాన్న కట్టడమూ తప్పు కాదు. రేపు గిరాకీ మారితే దీన్ని దేనికి మళ్లిస్తామని ఇద్దరూ ముందుగా అడుగుకోలేదు, అంతే. ఈ చదువు అయ్యాక నేను ఏది కట్టినా, పునాది తీయకముందే ఆ ప్రశ్న వేసుకుంటాను.