డిచ్‌పల్లి డాక్టరమ్మ ఇసబెల్ కెర్

మన ప్రాంతపు వృద్ధ విశ్వాసులను డిచ్‌పల్లి అనగా ఏమని అడిగితే, రైల్వే స్టేషను సంగతి తరువాత, ముందుగా పెద్దరోగము ఆసుపత్రి అని చెబుతారు. నిర్మల్ నుండి సోన్ వద్ద గోదావరి దాటి, ఆర్మూరు మీదుగా హైదరాబాదు దారిన పోయేవారికి ఆ ఊరు దూరమేమీ కాదు. అయితే ఆ ఆసుపత్రిని నిలబెట్టిన వైద్యురాలి పేరు మన సంఘములలో నేటి యౌవనస్థులకు తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఇసబెల్ గన్ 1875లో స్కాట్లండు దేశమునందు జన్మించారు. స్త్రీలు డాక్టర్లగుట అరుదైన ఆ దినములలో అబెర్డీన్ విశ్వవిద్యాలయములో చదివి 1903లో వైద్యపట్టము పొందారు. అదే సంవత్సరము జార్జి కెర్ గారిని వివాహమాడారు. 1907లో ఈ దంపతులు వెస్లియన్ మెథడిస్టు మిషను పరిచర్యకై నిజాము రాష్ట్రమునకు వచ్చారు.

ఆనాటి వైద్యము స్థితి మనము గుర్తుంచుకోవాలి. కుష్ఠువ్యాధికి కారణము ఒక సూక్ష్మక్రిమి అని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనుగొన్నాడు. కారణము తెలిసినది గాని మందు దొరకలేదు. రోగి నరములు చచ్చి స్పర్శ పోవును. పొయ్యి దగ్గర చేయి కాలినా, కాలిలో ముల్లు విరిగినా తెలియదు. పుండు పడును, చీము పట్టును, వ్రేళ్లు పోవును. ఇంటివారు వెళ్లగొట్టగా ఊరి వెలుపల చెట్టు క్రింద బ్రతుకు. అటువంటివారు వచ్చినప్పుడు డాక్టరు చేయగలిగినది పుండు కడిగి కట్టు కట్టుట, అన్నము పెట్టుట, నీడ ఇచ్చుట. నయము చేయలేని డాక్టరు వద్దకు రోగి ఎందుకు రావాలి? నా అభిప్రాయములో కెర్ అమ్మగారి జీవితమంతా ఈ ప్రశ్నకు జవాబే.

నిజామాబాదు ప్రాంతపు ధనవంతుడైన హిందూ సోదరుడు రాజా నర్సాగౌడ్ గారు ఉదారముగా సాయము చేశారు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి తెరువబడినది. ఇటువంటి సంచికలలో సీమ నుండి వచ్చిన కానుకలను స్మరించుట మనకు అలవాటు. ఈ మట్టిలో పుట్టిన దాత పేరు కూడ అంతే కృతజ్ఞతతో చెప్పుకోవాలి గదా!

అటుపిమ్మట ఆమె పనిలో గొప్ప మలుపు వచ్చినది. మన వైద్యులు అడవిబాదము అనే గింజల నూనెను చర్మరోగములకు పూర్వము నుండి వాడేవారు. దానిని త్రాగితే కడుపులో వికారము పుట్టి వాంతి అగును. అందుచేత ఎక్కువ దినములు త్రాగగలవారు తక్కువ. కలకత్తాలో డాక్టరు రోజర్సు, తరువాత డాక్టరు మ్యూర్ దానినుండి చేసిన మందును సూది ద్వారా ఎక్కించే పద్ధతిని వృద్ధిచేశారు. కెర్ అమ్మగారు ఆ పద్ధతిని డిచ్‌పల్లిలో చేపట్టారు. సూది మందు ఒక్కనాటి పని కాదు, నెలల తరబడి సాగాలి. అయినను వ్యాధి తొలిదశలో ఉన్నవారిలో చాలామందికి మేలు కనబడినది. కాబట్టి వ్యాధిని దాచుకొనక, మచ్చ కనబడగానే రమ్మని పిలువవలసి వచ్చినది. ఆశ్రమము నిజముగా ఆసుపత్రి అయినది. 1923లో దంపతులిద్దరికీ కైసర్-ఇ-హింద్ పతకము లభించినది.

అయితే ఆలస్యముగా వచ్చినవారి మాటేమి? నూనె పోయిన వ్రేలిని తేలేదు, చచ్చిన నరమునకు స్పర్శ ఇవ్వలేదు. అటువంటివారికి మరల మొదటి పనే, అనగా కట్టు, అన్నము, నీడ. పతకములు మందు సంగతిని లోకమునకు తెలుపుతాయి గాని, ఈ రెండవ పనిని ఎవరు లెక్కపెడతారు?

నేడు దీనిని ఉపశమన వైద్యము అంటున్నారు. 1967లో లండనులో డాక్టరు సిసిలీ సాండర్సు సెయింట్ క్రిస్టఫర్సు ఆసుపత్రిని తెరచి, కుదరని కాన్సరు రోగుల నొప్పిని తగ్గించుట కూడ వైద్యుని విధియే అని లోకమునకు చూపారు. హైదరాబాదు ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రిలో ఇప్పుడు అందుకు ప్రత్యేక విభాగమున్నది. కాపరిగా నేను ఇండ్లు దర్శించేటప్పుడు, ఇక లాభము లేదని పట్నమునుండి తిరిగి పంపబడిన రోగిని చూస్తుంటాను. ఆ ఇంటివారు మందు ఉన్నదా అని నన్ను అడుగరు. రాత్రి నొప్పికి ఏమి చేయాలని అడుగుతారు.

కెర్ అమ్మగారు పని మధ్యలోనే 1932లో ఆకస్మికముగా ప్రభువునందు నిద్రించారు. డాప్సోను మందు మన దేశములో వాడుకలోనికి వచ్చుట 1940ల చివరి మాట. ఆరు నెలలు, ఏడాది వాడితే వ్యాధిని కుదిర్చే మిశ్రమ చికిత్స 1980లలో గాని రాలేదు. ఇవేవీ ఆమె చూడలేదు. ఆమె చేతిలో ఉన్నవి గింజల నూనె, సూది, ఉడికించిన గుడ్డపీలికలు.