సెమినార్‌లో పేపర్ చదివిన విద్యార్థి: 1916లో అంబేడ్కర్

1916 మే 9. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో అలెగ్జాండర్ గోల్డెన్‌వైజర్ నడిపే మానవశాస్త్ర సెమినార్. ఆ రోజు పేపర్ చదివిన విద్యార్థి పేరు భీమ్‌రావ్ రామ్‌జీ అంబేడ్కర్. ఆయనకి 25 ఏళ్లు నిండి ఇంకా నెల కాలేదు. పేపర్ విషయం భారతదేశంలో కులాలు, అవి ఎలా పనిచేస్తాయి, ఎలా పుట్టాయి, ఎలా పెరిగాయి అన్నది.

బాబాసాహెబ్ అనగానే మనకి మహాడ్ చెరువు, రాజ్యాంగ సభ, నాగపూర్ దీక్షాభూమి గుర్తొస్తాయి. చదువు గురించి చెప్పేటప్పుడు డిగ్రీల జాబితా చదివి చప్పట్లు కొట్టి ఊరుకుంటాం. ఆ డిగ్రీల మధ్యలో ఆయన నలుగురి ముందు నిలబడి తన పరిశోధనని ఎలా వినిపించారు, ఎవరితో వాదించారు, ఎక్కడ తిరిగి రాయాల్సి వచ్చింది అన్నది పెద్దగా మాట్లాడుకోం. యూనివర్సిటీల్లో ఉన్న మనకి ఆ కథతోనే ఎక్కువ పని ఉంది.

బరోడా మహారాజు సయాజీరావ్ గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్ నెలకి పదకొండున్నర పౌండ్లు, మూడేళ్ల పాటు. బదులుగా చదువు అయ్యాక పదేళ్లు బరోడా సంస్థానంలో ఉద్యోగం చేస్తానని 1913 జూన్‌లో ఒప్పందం మీద సంతకం పెట్టారు. జూలైలో న్యూయార్క్ చేరారు. లివింగ్‌స్టన్ హాల్‌లో నావల్ భథేనా అనే పార్సీ విద్యార్థి స్నేహం దొరికింది, అది జీవితాంతం నిలిచింది. ఆ మూడేళ్లలో ఆయన తీసుకున్న కోర్సుల లెక్క చూస్తే కళ్లు తిరుగుతాయి: అర్థశాస్త్రంలో 29, చరిత్రలో 11, సమాజశాస్త్రంలో 6, తత్వశాస్త్రంలో 5, మానవశాస్త్రంలో 4, రాజనీతిశాస్త్రంలో 3, ఇవి కాక ఫ్రెంచ్, జర్మన్ ప్రాథమిక పాఠాలు. సెలిగ్మన్ దగ్గర ఆర్థికశాస్త్రం, జాన్ డ్యూయీ దగ్గర తత్వశాస్త్రం చదివారు. అప్పుడు న్యూయార్క్‌లోనే ఉన్న లాలా లజపతిరాయ్ రాజకీయాల్లోకి రమ్మంటే, చదువు పూర్తయ్యేదాకా కుదరదన్నారు. 1915లో ఎం.ఏ. వచ్చింది.

అర్థశాస్త్ర విద్యార్థి కులం గురించి పేపర్ రాసింది మానవశాస్త్రం గదిలో. గోల్డెన్‌వైజర్ ఫ్రాంజ్ బోయాస్ శిష్యుడు, టోటెమిజం మీద డాక్టరేట్ చేసినవాడు. ఒకే గణం లోపల పెళ్లి చేసుకోకూడదనే నియమం, అంటే బహిర్వివాహం, అలాంటి సెమినార్‌లో అందరికీ తెలిసిన విషయం. అంబేడ్కర్ సరిగ్గా అక్కడ పట్టుకున్నారు. గోత్రం లోపల పెళ్లి నిషిద్ధమైన సమాజంలో, కులం బయట పెళ్లి కూడా నిషిద్ధం ఎలా అయింది? పాత నియమం మీద కొత్త నియమం వచ్చి కూర్చుంది. ఆ కూర్చోవడమే కులం పుట్టుక అని ఆయన వాదన. వినేవాళ్లకి తెలిసిన చోటు నుంచి బయల్దేరి తెలియని చోటుకి తీసుకెళ్లడం మంచి పేపర్ లక్షణం. మొదట్లో ఆయన ప్రదర్శనశాలల పోలిక తెచ్చిందీ అందుకే అనిపిస్తుంది. వస్తువుల ప్రదర్శన అందరూ చూసినదే, ఇప్పుడు ఒక మానవ సంస్థని మీ ముందు పెడతాను అన్న ధోరణిలో మొదలుపెట్టారు.

తర్వాత తనకన్నా ముందు రాసినవాళ్ల దగ్గరికి వెళ్లారు. ఫ్రాన్స్‌కి చెందిన సెనార్ మైల, అంటు భావన కులానికి మూలమన్నాడు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. కులానికి మతం రంగు ఉన్నంత మేరకే మైల ఉంటుంది, పూజారి వర్గంతో ముడిపడి వచ్చింది, అది లేకుండానూ కులం యంత్రం నడుస్తుందన్నారు. నెస్‌ఫీల్డ్ బయటివాళ్లతో కలిసి తినకపోవడాన్ని ముందుకు తెస్తే, అది ఫలితమే గాని కారణం కాదన్నారు. ఇక రిస్లీ. 1901 జనాభా లెక్కల కమిషనర్, ముక్కులు కొలిచి జాతుల్ని నిర్ణయించిన సర్ హెర్బర్ట్ రిస్లీ. సామ్రాజ్యంలో కులం మీద అంత అధికారంతో మాట్లాడిన మనిషి మరొకరు లేరు. చెప్పుకోదగ్గ కొత్త విషయమేమీ ఆయన చెప్పలేదని అంబేడ్కర్ ఒక్క వాక్యంలో దాటేశారు. ఆ వాక్యం చదివిన ప్రతిసారీ నాకు నవ్వొస్తుంది.

కార్నెల్‌లో డాక్టరేట్ చేసిన మరాఠీ పండితుడు కేత్కర్‌కి మాత్రం ఎక్కువ గౌరవం ఇచ్చారు. కులానికి రెండు లక్షణాలని కేత్కర్ అన్నాడు. పుట్టుకతోనే సభ్యత్వం రావడం ఒకటి, బయట పెళ్లి నిషేధం రెండోది. ఇవి రెండు కావు, ఒకటే అన్నారు అంబేడ్కర్. బయటివాళ్లని పెళ్లి చేసుకోవద్దంటే, లోపల పుట్టినవాళ్లు తప్ప ఇంకెవరూ సభ్యులయ్యే దారి ఉండదు కదా. ఇంత చిన్న దిద్దుబాటుతో పేపర్ అంతా అంతర్వివాహం అనే ఒక్క బిందువు మీదకి వచ్చేసింది.

అక్కడి నుంచి ఆయన వేసిన లెక్క అర్థశాస్త్రం చదివిన మనిషి లెక్క. ఒక గుంపు బయటి సంబంధాలు ఆపేసిందనుకోండి. లోపల ఆడా మగా సంఖ్య సరిపోవాలి. భర్త ముందు చనిపోతే భార్య మిగులు. ఆమె కులం బయట పెళ్లి చేసుకుంటే గీత చెరిగిపోతుంది, లోపల చేసుకుంటే ఇంకో అమ్మాయికి దక్కాల్సిన వరుడు పోతాడు. అందుకని చితి మీద కాల్చేయాలి, లేదంటే జీవితాంతం విధవగా ఉంచాలి. భార్య ముందు చనిపోతే భర్త మిగులు. మగాణ్ణి కాల్చరు, సన్యాసంలో కట్టేయడం కష్టం. కాబట్టి ఇంకా పెళ్లీడు రాని పిల్లని తెచ్చి కడతారు. సతి, బలవంతపు వైధవ్యం, బాల్య వివాహం, ఈ మూడూ ధర్మంలోంచి ఊడిపడినవి కావు, కులం గీతని కాపాడటానికి తయారైన పనిముట్లు అని 1916లో ఒక విద్యార్థి చెప్పారు. వాటిని కీర్తించే తత్వమంతా ఆచారం పుట్టాక దానికి తొడిగినదే అన్నారు. దాదాపు వందేళ్ల తర్వాత, 2013లో వచ్చిన షర్మిలా రేగే సంకలనం ‘ఎగైనెస్ట్ ద మ్యాడ్‌నెస్ ఆఫ్ మను’ బ్రాహ్మణీయ పితృస్వామ్యం చర్చకి ఈ పేపర్‌ని మళ్లీ ముందుకు తెచ్చింది. పరువు హత్య వార్త వచ్చిన ప్రతిసారీ మనం టీవీ చర్చల్లో వెతికే జవాబు ఇందులో ఉంది.

మొదట తలుపు వేసుకున్నది బ్రాహ్మణ వర్గం, మిగిలినవాళ్లు పై వాళ్లని చూసి అనుకరించారు, మరికొందరు తమ మొహం మీద తలుపు మూసి ఉండటం చూశారు. ఇదీ వ్యాప్తి గురించి ఆయన చెప్పినది. మనువు కులాన్ని సృష్టించలేదు, అంతకుముందే ఉన్నదాన్ని చట్టంగా రాశాడు అన్నారు. 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో మనుస్మృతిని తగలబెట్టిన మనిషి ఈ మాట అన్నాడా అని కొత్తగా చదివే విద్యార్థులు ఆగిపోతారు. నాకు ఇందులో వైరుధ్యం కనిపించదు. ఒక వ్యవస్థ ఎలా పుట్టిందన్నది ఒక ప్రశ్న, దాన్ని ఏది నిలబెడుతోందన్నది ఇంకో ప్రశ్న. 1916లో మొదటిది అడిగారు.

యూరప్ పండితులు కులంలో రంగు పాత్రని అతిగా చూశారని, వాళ్ల బుర్రల్లో ఉన్న వర్ణ వివక్షే దానికి కారణమని కూడా ఆ పేపర్‌లో ఉంది. అమెరికన్ యూనివర్సిటీ గదిలో ఆ మాట చదవడానికి గుండె కావాలి.

ఆ పేపర్‌లో లేనిది ఒకటుంది. బడిలో గోనె పట్టా మీద విడిగా కూర్చున్న పిల్లాడు అందులో లేడు. గోరేగావ్ దారిలో నీళ్లు దొరకని ప్రయాణం లేదు. అవన్నీ చాలా ఏళ్ల తర్వాత ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రాసుకున్నారు. సెమినార్‌కి మాత్రం ఆయన నిర్వచనం, విమర్శ, యంత్రాంగం పట్టుకుని వెళ్లారు. తన నిర్ధారణలు తప్పని తేలితే వదులుకోవడానికి సిద్ధమని చివర్లో చెప్పారు. బాధితుడిగా సాక్ష్యం ఇవ్వలేదు, సిద్ధాంతం ఇచ్చారు.

మనలో సెమినార్లకి వెళ్లేవాళ్లకి ఈ తేడా తెలుసు. ఒక సదస్సులో నేను భూమి రికార్డుల మీద పేపర్ చదివాక వచ్చిన మొదటి ప్రశ్న, మా ఊళ్లో మమ్మల్ని గుడిలోకి రానిస్తారా అని. రికార్డుల గురించి ఒక్క ప్రశ్న రాలేదు. అడిగినాయన మంచి మనసుతోనే అడిగాడు, అదే ఇబ్బంది. మా అనుభవం వాళ్లకి కావాలి, దాన్ని విశ్లేషించే పని మాత్రం వాళ్లే చేసుకుంటారు. గోపాల్ గురు 2002లో ఈపీడబ్ల్యూ పత్రికలో రాసిన వ్యాసం దీని గురించే. భారత సామాజిక శాస్త్రాల్లో సిద్ధాంతం చేసేవాళ్లు ఒక వర్ణం, సమాచారం మోసేవాళ్లు ఇంకో వర్ణం అయిపోయారని ఆయన విమర్శ. ఆ విభజన స్థిరపడకముందే అంబేడ్కర్ దాన్ని దాటి నిలబడ్డారు.

పేపర్ 1917 మేలో ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో అచ్చయింది. అప్పటికి ఆయన లండన్‌లో ఉన్నారు, గ్రేస్ ఇన్‌లోనూ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ చేరి. స్కాలర్‌షిప్ గడువు అయిపోయి అదే ఏడాది వెనక్కి రావాల్సి వచ్చింది. వేరే ఓడలో వేసిన సామాను, పుస్తకాలతో సహా, యుద్ధంలో టార్పెడో దెబ్బకి మునిగిపోయింది. బరోడాలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. కులం మీద అంతర్జాతీయ స్థాయి వ్యాసం అచ్చయిన కొద్ది నెలలకే, ఆ రచయితకి ఆ ఊళ్లో అద్దెకి గది దొరకలేదు. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు. అక్కడ స్టాఫ్ రూమ్ కుండలో నీళ్లు తాగడం మీద కొందరు సహోద్యోగులు అభ్యంతరం పెట్టారు.

జీతంలో మిగుల్చుకున్నది, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం, భథేనా ఇచ్చిన అప్పు కలిపి 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. రూపాయి సమస్య మీద డీఎస్సీ థీసిస్ 1922 అక్టోబర్‌లో సమర్పించారు. పరీక్షకులు దాన్ని అలాగే ఒప్పుకోలేదు, తిరిగి రాయమన్నారు. చేతిలో డబ్బు అయిపోయింది, 1923 ఏప్రిల్‌లో బొంబాయి వచ్చి ఇక్కడి నుంచే తిరగరాసి పంపారు. ఆ ఏడాది చివర్లో డిగ్రీ వచ్చింది, లండన్‌లో పి.ఎస్. కింగ్ సంస్థ పుస్తకం వేసింది. గురువు ఎడ్విన్ కేనన్ ముందుమాట రాస్తూ కొన్ని వాదనలతో తనకి ఏకీభావం లేదని అందులోనే చెప్పాడు. విద్యార్థి నిర్ధారణ మారలేదు, గురువు అభిప్రాయమూ మారలేదు, పుస్తకం వచ్చింది. మన డిపార్ట్‌మెంట్లలో ఇలాంటి ముందుమాట ఎన్ని చూశాం?

తర్వాత ఆయన మాట్లాడాల్సిన ఇంకో సభ ఉంది. లాహోర్‌లోని జాత్-పాత్ తోడక్ మండల్ 1936 వార్షిక మహాసభకి ఆయన్ని అధ్యక్షుడిగా పిలిచింది. కులం పోవాలనే సవర్ణ సంస్కర్తల సంఘం అది. ఉపన్యాసం ముందే అచ్చు వేయించి పంపితే, వేదాల మీద, శాస్త్రాల మీద రాసినది తీసేయమన్నారు. ఒక్క కామా కూడా మార్చేది లేదన్నారు ఆయన. సభే రద్దయింది. మేలో సొంత ఖర్చుతో 1500 ప్రతులు వేశారు, అదే ‘కుల నిర్మూలన’. ఇరవై ఏళ్ల కిందట పరాయి దేశంలో విద్యార్థిగా చదవగలిగిన విషయాన్ని, స్వదేశంలో బారిస్టర్‌గా, ఇద్దరు డాక్టరేట్ల మనిషిగా చదవలేకపోయారు. అంతర్వివాహం కులానికి ఊపిరి అని 1916 పేపర్ చెప్పింది, కులాంతర వివాహమే అసలు మందు అని 1936 ఉపన్యాసం చెప్పింది. ఆ మందు జనం మింగకుండా అడ్డుపడుతున్నది శాస్త్రాల మీద నమ్మకం అని ఇంకో అడుగు వేసింది. లాహోర్ పెద్దలకి మింగుడుపడనిది ఆ అడుగే.

1944లో మూడో ముద్రణకి రాసిన ముందుమాటలో, కొలంబియా పేపర్‌ని కూడా కలిపి ఈ పుస్తకాన్ని తిరగరాయాలని అనుకున్నానని, తీరిక దొరకలేదని చెప్పుకున్నారు. అప్పటికి ఆయన వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూస్తున్నారు. ఆ పని ఎప్పటికీ జరగలేదు. 1979లో మహారాష్ట్ర ప్రభుత్వం వసంత్ మూన్ సంపాదకత్వంలో ఆయన రచనల సంపుటాలు మొదలుపెట్టినప్పుడు, మొదటి సంపుటిలో మొట్టమొదట వేసింది ఈ సెమినార్ పేపర్‌నే. దాని వెంటనే ‘కుల నిర్మూలన’ ఉంటుంది.