విధి – బాధ్యత: ఆర్మినియస్ జీవితం

ప్రొటెస్టెంట్ పండితుడు ఆర్మినియస్ హాలెండులోని ఔదెవాటర్‌లో జన్మించాడు. పసితనంలోనే తండ్రి పోయాడు. 1575లో స్పెయిన్ సేనలు ఆ ఊరిపై పడి తల్లినీ, తోబుట్టువులనూ హతమార్చాయి. తర్వాత జెనీవాలో కాల్విన్ వారసుడైన బేజా వద్ద చదివి, 1588లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మతబోధకుడయ్యాడు.

ఎవరికి మోక్షమో, ఎవరికి నరకమో దేవుడు ముందే నిర్ణయించాడన్నది కాల్విన్ వర్గం సిద్ధాంతం. అలాగైతే పాపానికి బాధ్యుడు దేవుడే అవుతాడని ఆర్మినియస్ అభ్యంతరం తెలిపాడు. దైవకృప లేనిదే మనిషి మంచివైపు రాలేడని, అయితే ఆ కృపను నిరాకరించే స్వేచ్ఛ అతనికుందని బోధించాడు.

1603లో లైడెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. సహాధ్యాపకుడు గోమారస్‌తో వాదం తెగకముందే 1609లో మరణించాడు. 1618-19 నాటి డోర్ట్ మహాసభ ఆయన అనుచరులైన బోధకులను పదవుల నుండి తొలగించింది.

తఖ్దీర్‌ను విశ్వసించే మనం కూడా ఆలోచించాలి. విధిని నమ్మడం వేరు, మన తప్పును దానిపై నెట్టివేయడం వేరు.