విలియం జేమ్స్: ఏడుపు ముందా, దుఃఖం ముందా?

ఎలుగుబంటి ఎదురైతే భయం వేసి పరుగెత్తుతాం. అందరూ ఒప్పుకునే మాటే. విలియం జేమ్స్ ఒప్పుకోలేదు.

ఆయన 1842లో న్యూయార్కులో పుట్టాడు. నవలాకారుడు హెన్రీ జేమ్స్ ఆయన తమ్ముడే. చిత్రకళ నేర్వబోయి మానేశాడు. 1869లో హార్వర్డులో వైద్యపట్టా పుచ్చుకున్నా వైద్యం చేయలేదు. అప్పటికి తానే రోగి: నడుంనొప్పి, కళ్ళజబ్బు, ఆత్మహత్య తలపుల దాకా పోయిన నిస్పృహ. మనిషికి స్వేచ్ఛాసంకల్పం ఉన్నదని నమ్మి పనిలోకి దిగాలని 1870లో నిశ్చయించుకున్నాడు. తరువాత హార్వర్డులోనే అధ్యాపకుడయ్యాడు.

1884లో రాసిన వ్యాసంలో ఆయన వాదం ఇది: ఎలుగును చూడగానే గుండె దడదడలాడుతుంది, కాళ్ళు కదులుతాయి, ఆ మార్పులు మెదడుకు తెలియడమే భయం. ఏడవడం వల్లనే దుఃఖం. ఉద్వేగాలకు మెదడులో ప్రత్యేక కేంద్రాలు అక్కరలేదు. మరుసటి ఏడు డెన్మార్కులో కార్ల్ లాంగె ఇంచుమించు ఇదే చెప్పాడు. ఆ 1885లోనే జేమ్స్ పసికొడుకు కోరింతదగ్గుతో పోయాడు. అయినా 1890 నాటి తన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో ఆ తండ్రి అదే సిద్ధాంతాన్ని మళ్ళీ నిలబెట్టాడు.

జేమ్స్ 1910లో మరణించాడు. తత్త్వశాస్త్రం జోలికి పోవద్దని ఆయన వారించిన శిష్యుడు వాల్టర్ కానన్, 1927లో ఈ వాదాన్ని ఖండించాడు. అంతరాంగాలకూ మెదడుకూ నాడీసంబంధం తెంచినా జంతువులు కోపం చూపుతూనే ఉన్నాయి. మూలం మెదడు లోపలి థాలమస్‌లో ఉందన్నాడు. భయానికి అమిగ్డలా ముఖ్యమని తర్వాతివారు చూపారు. కాని గుండె కొట్టుకునే కబురును మెదడులో ఇన్సులా అనే భాగం అందుకుంటుందనీ తేలింది. గురువుగారు పూర్తిగా ఓడలేదనే నా అభిప్రాయం.