జిల్లా పేరు వెనక మనిషి: కొండా వెంకట రంగారెడ్డి

ఎంసెట్ కౌన్సెలింగ్ అప్పుడు జిల్లా కాలమ్‌లో డ్రాప్‌డౌన్ నొక్కి రంగారెడ్డి అని సెలెక్ట్ చేసినవాళ్ళు మన క్లాసులోనే చాలామంది ఉంటారు. నేనూ అంతే. బస్‌పాస్‌లో, స్కాలర్‌షిప్ ఫారంలో, ఇంటి అడ్రస్‌లో ఆ పేరు ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. కానీ ఆ రంగారెడ్డి ఎవరని ఒక్కసారి కూడా అడగలేదు. పోయిన నెల మా ఇంట్లో పొలం అమ్మే మాట వచ్చింది. అప్పుడు మా నాయనమ్మ ఆయన పేరు ఎత్తింది. ఆ రాత్రే వెతకడం మొదలుపెట్టాను.

మాది చేవెళ్ల వైపు ఒక చిన్న ఊరు. ఎకరంన్నర భూమి, కొన్నేళ్ళు టమాట, కొన్నేళ్ళు బంతిపూలు. మన కాలేజీ బస్సు వెళ్ళే మొయినాబాద్ రోడ్డు మీదే మా పంట కూడా సిటీకి పోతుంది. ఆ మొయినాబాద్ మండలంలోనే పెద్దమంగళారం అనే ఊరుంది. 1890 డిసెంబర్ 12న కొండా వెంకట రంగారెడ్డి అక్కడే పుట్టారు. వ్యవసాయ కుటుంబం, కలిగిన ఇల్లే. అప్పటికి గండిపేట చెరువు లేదు, హిమాయత్‌సాగర్ లేదు. 1908లో మూసీ వరద హైదరాబాద్‌ని ముంచేసినప్పుడు ఆయనకు 17 ఏళ్ళు. ఆ వరద తర్వాతే ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి.

ఆయన చదివి వకీలు అయ్యారు. ఈ మాట ఇప్పుడు మామూలుగా అనిపిస్తుంది. కానీ అప్పటి హైదరాబాద్ సంస్థానం సంగతి వేరు. కోర్టులో వాదన ఉర్దూలో, తీర్పు ఉర్దూలో. పొలం దున్నేవాడు మాట్లాడేది తెలుగు. తన భూమి గురించి కోర్టు కాగితంలో ఏం రాసుందో తెలియాలంటే రైతుకి ఇంకొక మనిషి కావాలి. ఆ ఇంకొక మనిషే వకీలు. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు ఇది కొంచెం గట్టిగానే తగిలింది. మా పట్టా పాస్‌బుక్ తెలుగులోనే ఉన్నా, అందులో సగం మాటలు నాకు అర్థం కాలేదు మరి.

1921 నవంబర్‌లో హైదరాబాద్ వివేకవర్ధని థియేటర్‌లో ఒక సంఘ సంస్కరణ సభ జరిగింది. అందరూ తమ తమ భాషల్లో మాట్లాడుతుంటే ఎవరూ ఏమీ అనలేదు. ఆలంపల్లి వెంకట రామారావు అనే వకీలు తెలుగులో మొదలుపెట్టగానే జనం గోల చేసి, ఎగతాళి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు లాంటి వాళ్ళతో పాటు రంగారెడ్డి కూడా మొదటి రోజుల నుంచే అందులో ఉన్నారు. అదే తర్వాత నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ అయింది. 1936లో షాద్‌నగర్‌లో జరిగిన అయిదో మహాసభకు అధ్యక్షుడు రంగారెడ్డే. ఆ రోజుల్లో గస్తీ నిషాన్ 53 అని ఒక ఉత్తర్వు ఉండేది. దాని ప్రకారం సభ పెట్టాలంటే ముందే సర్కారు పర్మిషన్ తీసుకోవాలి. అలాంటి కాలంలో మహాసభ తెలుగులో చదువు గురించి, వెట్టి గురించి, రైతు మీద పడే పన్నుల గురించి మాట్లాడింది.

ఆయన్ని దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. మహాసభలో ఆయన మితవాదుల వైపు ఉన్నారు. దున్నేవాడికే భూమి అని కమ్యూనిస్టులు దొరల మీదికి వెళ్ళినప్పుడు, ఈయన దారి చట్టాల దారి, అర్జీల దారి. భూమి ఉన్న కుటుంబంలో పుట్టిన మనిషికి అది సహజమే అని విమర్శించే వాళ్ళున్నారు. ఆ విమర్శలో న్యాయం లేదని నేను అనలేను.

హైదరాబాద్ ఇండియాలో కలిశాక భూమి చట్టాలు ఒక్కొక్కటిగా మారాయి. 1949లో జాగీర్లు పోయాయి. 1950లో హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. అందులో సెక్షన్ 47 మనకు ముఖ్యం. అధికారి అనుమతి లేకుండా సాగుభూమిని అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. 1952 ఎన్నికల తర్వాత బూర్గుల ముఖ్యమంత్రి అయితే, రంగారెడ్డి ఆయన ప్రభుత్వంలో మంత్రి.

ఇక అసలు కథ. 1955లో ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను అప్పటికి విడి రాష్ట్రంగానే ఉంచమని సూచించింది. రంగారెడ్డి కోరుకున్నది కూడా అదే. కానీ ఢిల్లీలో గాలి విలీనం వైపు మళ్ళింది. అప్పుడు 1956 ఫిబ్రవరి 20న హైదరాబాద్ హౌస్‌లో పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. తెలంగాణ తరఫున సంతకం పెట్టిన నలుగురు బూర్గుల, రంగారెడ్డి, ఆయన మేనల్లుడు మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. ఒప్పందంలో ఉద్యోగాలు, చదువులు, నిధులతో పాటు ఒక షరతు వ్యవసాయ భూమి గురించి కూడా ఉంది. తెలంగాణలో సాగుభూముల అమ్మకం ప్రాంతీయ మండలి అదుపులో ఉండాలి. ముఖ్యమంత్రి ఆంధ్ర నుంచి అయితే ఉప ముఖ్యమంత్రి తెలంగాణ నుంచి ఉండాలన్నది ఇంకో షరతు.

నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఉప ముఖ్యమంత్రి కుర్చీ మాత్రం రాలేదు. 1959 దాకా అది ఖాళీయే. చివరికి ఆ కుర్చీలో కూర్చున్నది రంగారెడ్డే, 1962 వరకు. ప్రాంతీయ సంఘం 1958లో వచ్చింది గానీ, ప్రభుత్వానికీ దానికీ మాట కలవకపోతే తుది నిర్ణయం గవర్నర్‌ది. 1969లో సెక్షన్ 47ని కూడా చట్టంలోంచి తీసేశారు. మన భాషలో చెప్పాలంటే, ఫంక్షన్ రాశారు, డాక్యుమెంటేషన్ కూడా రాశారు, కానీ సరిగ్గా కాల్ చేయాల్సిన చోట చేయలేదు.

నన్ను ఆపేసిన ప్రశ్న ఇది. జీవితమంతా కాగితాలతో పని చేసిన వకీలు ఆయన. రిజిస్టర్ కాని దస్తావేజు మీద రైతు ఆశ పెట్టుకుంటే ఏమవుతుందో ఆయనకు తెలియదా? పెద్దమనుషుల మాట కోర్టులో నిలబడదని తెలియదా? తెలిసే ఉంటుందని నా అనుకోలు. విలీనం ఆగదని అర్థమయ్యాక, కనీసం భూమి మాటైనా కాగితం మీదికి ఎక్కించాలని చూసి ఉంటారు. అది సరిపోలేదు.

1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం లేచింది. దానికి ముందు నిలబడిన నాయకుడు చెన్నారెడ్డి. అప్పటికి మేనమామకు 78 ఏళ్ళు. మరుసటి ఏడాది, 1970 జూలై 24న రంగారెడ్డి కన్నుమూశారు. 1978 ఆగస్టు 15న హైదరాబాద్ జిల్లా నుంచి విడదీసిన కొత్త జిల్లాకు ఆయన పేరు పెట్టారు. అప్పటి ముఖ్యమంత్రి చెన్నారెడ్డే. ఇంకో చిన్న విశేషం. ఆయన 1936లో అధ్యక్షత వహించిన షాద్‌నగర్ అప్పుడు వేరే జిల్లా. 2016లో జిల్లాలు మారినప్పుడు అది కూడా ఆయన పేరున్న జిల్లాలోకే వచ్చింది.

ఇప్పుడు మన రోడ్డు చూడండి. చేవెళ్ల దారిలో నిజాం కాలం నాటి మర్రిచెట్లు ఇంకా ఉన్నాయి. వాటి వెనక జొన్న చేలు తగ్గి ఫామ్‌హౌస్ గోడలు పెరిగాయి. జంట జలాశయాల కోసం 1996లో తెచ్చిన జీవో 111 వల్ల 84 ఊళ్ళలో కట్టడాలకు అడ్డు పడింది. అది ఉండాలా పోవాలా అని ఆ ఊళ్ళలో ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది. ఉంచితే రైతుకి ధర రాదు, తీస్తే చెరువులు మిగలవు. మన కాలేజీ నేల కూడా ఒకప్పుడు చేనే అని మన బస్సు డ్రైవరన్న చెప్తుంటాడు.

మా ఇంటి సంగతి ఇంకా తేలలేదు. నాకు 18 నిండాయి కాబట్టి అమ్మకం కాగితం మీద నా సంతకం కూడా కావాలట. నాన్నకు అప్పుంది, అది నా ఫీజు కోసమే చేశాడు. నాయనమ్మ అమ్మొద్దని అనలేదు, అమ్మమని కూడా అనలేదు. సంతకం పెట్టే ముందు మొత్తం చదువుకోమంది, అంతే. ఆదివారం పాస్‌బుక్ తీసుకుని ఆమె పక్కన కూర్చుంటున్నా. తెలియని ప్రతి మాటా అడిగి రాసుకుంటా. సంతకం మాట ఆ తర్వాత.