చదువు ఆపని ఇంజనీరు - డాక్టర్ కె.ఎల్. రావు గారు



డ్యాములు కట్టిన ఇంజనీర్ల మాట వస్తే మనవాళ్ళు ముందుగా నిజాంసాగర్ కట్టించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహద్దూర్ గారి పేరు చెబుతారు. అది మనకు గర్వకారణమే. అయితే మన గన్నవరానికి దక్షిణంగా, బెజవాడ-బందరు రోడ్డు మీదున్న కంకిపాడులో పుట్టిన మహా ఇంజనీరు సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు. కె.ఎల్. అనగానే వడ్డేశ్వరం యూనివర్సిటీ అనుకుంటారు. ఆ కె.ఎల్. కోనేరు లక్ష్మయ్య గారు. నేను చెప్పబోయేది కానూరి లక్ష్మణరావు గారి గురించి. ఆయన మంత్రి పదవి కన్నా ఆయన చదువు సంగతే మనకు ఎక్కువ అవసరం గనుక దాన్నే కాస్త వివరంగా రాస్తాను.

ఆయన 1902 జూలై 15న పుట్టారు. ఇల్లు కలవారి ఇల్లేమీ కాదు, మధ్యతరగతి. తొమ్మిదేళ్ళకే తండ్రి పోయారు. మన మాటలో చెప్పాలంటే యతీం అయ్యారు. బడిలో చదువుకునే రోజుల్లో ఆటలో దెబ్బ తగిలి ఒక కంటి చూపు కూడా పోయింది. తండ్రి లేడు, ఒక కన్ను లేదు. ఇలాంటి పిల్లవాణ్ణి గురించి ఇరుగుపొరుగు వాళ్ళు ఏమనుకుంటారో మనకు తెలుసు. నాలుగు అక్షరాలు వస్తే చాలు, ఏదైనా చిన్న పనిలో పెట్టండి అంటారు. ఆయన చదువు మాత్రం ఆగలేదు.

ఆ కాలంలో మన ఆంధ్ర జిల్లాల్లో ఇంజనీరింగ్ కాలేజీయే లేదు. ఇప్పుడు కాకినాడలో ఉన్న కాలేజీ మొదలైంది 1946లో. అంతకు ముందు ఇంజనీరు కావాలంటే మద్రాసు పోవాలి, అక్కడ గిండీ కాలేజీలో సీటు రావాలి. లక్ష్మణరావు గారు మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, గిండీలో చేరి బి.ఇ. డిగ్రీ తెచ్చుకున్నారు. ఆ రోజుల్లో బి.ఇ. అంటే మాటలా? సర్కారు కొలువు, పేరు, పరపతి అన్నీ వచ్చే డిగ్రీ. ఎవరైనా అక్కడే ఆగేవారు.

ఆయన ఆగలేదు. ఇంజనీరింగ్‌లో మాస్టర్ డిగ్రీకి చదివారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఆ డిగ్రీ పొందిన మొదటి విద్యార్థి ఆయనే. ముందు నడిచినవాళ్ళు లేని దారిలో నడవటం ఎంత కష్టమో, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన మన పిల్లల్ని అడిగితే చెబుతారు. తరువాత బర్మాలోని రంగూన్‌లో ప్రొఫెసరుగా పాఠాలు చెప్పారు. ఇంగ్లండు వెళ్ళి బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి 1939లో పి.హెచ్.డి. పట్టా పుచ్చుకున్నారు. లెక్క చూడండి. పుట్టింది 1902, డాక్టరేటు వచ్చింది 1939. అంటే వయసు ముప్పై ఏడు దగ్గర. పాతికేళ్ళు దాటితే ఇంక చదువేంటి అనే మన ఇళ్ళలో ఈ లెక్క గోడ మీద రాసి పెట్టుకోదగ్గది.

అంత చదువు వల్ల ఏం లాభం అని కొందరు అడుగుతారు. ఇంటి శ్లాబునే తీసుకుందాం. కాంక్రీటు మీద పడి నొక్కే బరువును బాగా మోస్తుంది గానీ సాగదీసే బలానికి అంతగా తట్టుకోలేదు, పగులుతుంది. ఆ బలాన్ని లోపలున్న ఇనుప చువ్వ భరిస్తుంది. చువ్వ ఎక్కడ వెయ్యాలో, ఎంత లావుండాలో చెప్పేది లెక్క. మేస్త్రీకి పని తెలుసు, ఇంజనీరుకు లెక్క తెలుసు. కొత్తగా లెక్క కట్టవలసి వచ్చినప్పుడు పై చదువు చదివినవాడు కావాలి. లక్ష్మణరావు గారు కట్టడాల ఇంజనీరింగ్ మీద, ఇనుముతో కూడిన కాంక్రీటు మీద పుస్తకమే రాశారు.

స్వదేశం వచ్చాక మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజనీరుగా పనిచేశారు. 1950లో ఢిల్లీలో డిజైన్ల డైరెక్టరు, 1954లో కేంద్ర జల విద్యుత్ కమిషన్‌లో చీఫ్ ఇంజనీరు అయ్యారు. ఆ కాలంలోనే నాగార్జునసాగర్ రూపుదిద్దుకుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. దేశంలో సిమెంటు కొరత, పెద్ద యంత్రాలు విదేశాల నుంచి రావాలి, దానికి డబ్బు లేదు. ఉన్నవి రాయి, పనిచేసే చేతులు. అందుకని ఆ డ్యామును రాతికట్టడంగా కట్టారు. నీటి ఒత్తిడి లోతుకు పోయేకొద్దీ పెరుగుతుంది గనుక అడుగు వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉండి, తన బరువుతోనే నీటిని ఆపే కట్టడం అది. దాని రూపకల్పన చేసినవారు లక్ష్మణరావు గారు. కాంక్రీటు మీద పుస్తకం రాసిన మనిషి రాతి డ్యాముకు రూపం ఇవ్వటం చూడండి. విదేశంలో నేర్చిన దాన్ని అచ్చంగా ఇక్కడ దించకుండా మన బీద దేశానికి ఏది పనికొస్తుందో చూసుకోవటమే అసలైన చదువు. 1967లో ఆ డ్యాము కాలువలకు నీళ్ళు వదిలారు.

1962లో ఆయన విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1967లో, 1971లో కూడా గెలిచారు. 1963లో పద్మభూషణ్ వచ్చింది, అదే ఏడు కేంద్రంలో మంత్రి అయ్యారు. నెహ్రూ, శాస్త్రి, ఇందిరా గాంధీ ముగ్గురి మంత్రివర్గాల్లోనూ నీటిపారుదల, విద్యుత్ శాఖలు చూశారు. రాజకీయాల్లోకి వచ్చినా నీళ్ళ లెక్క వదల్లేదు. 1978లో వచ్చిన తన జీవితకథకు క్యూసెక్కుల అభ్యర్థి అనే అర్థం వచ్చే ఇంగ్లీషు పేరే పెట్టుకున్నారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, సుమారు 28 లీటర్లు. 1972లో గంగను కావేరితో కలపాలని 2,640 కిలోమీటర్ల కాలువ పథకం వేశారు. పాట్నా దగ్గర నుంచి 60,000 క్యూసెక్కులు తేవాలని లెక్క. ఖర్చు ఎక్కువని అది అమలుకు రాలేదు. అయినా నదుల అనుసంధానం మాట వచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఆయన పేరు వస్తుంది.

1986 మే 18న ఆయన కన్నుమూశారు. కృష్ణ మీద పులిచింతల దగ్గర కట్టి 2013లో ప్రారంభించిన రిజర్వాయరుకు డాక్టర్ కె.ఎల్. రావు సాగర్ అని పేరు పెట్టారు. 45.77 టి.యం.సి.ల నీరు పట్టే ఆ జలాశయం మన డెల్టా పొలాలకు అండ.

ఇక మన సంగతి. ఉర్దూ మీడియం పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి గనుక తల్లిదండ్రుల మాటలు వింటూ ఉంటాను. మావాడు ఉర్దూలో చదివాడు, ఇంజనీరింగ్ ఎక్కడ వస్తుంది మాస్టారూ అంటారు. అది నిజం కాదు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పెద్ద చదువులన్నీ ఉర్దూలోనే చెప్పారు, 1929లో అక్కడ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. లెక్క ఏ భాషలో నేర్చినా లెక్కే. ఇంగ్లీషు తరువాత పట్టుబడుతుంది.

రెండో మాట, బి.టెక్. కాగానే చదువు ఐపోయిందనుకోవటం. ఇంటి అవసరాలు నాకు తెలియక కాదు. చెల్లెలి పెళ్ళి, వాలిద్ గారి వైద్యం, అప్పు ఇవన్నీ ఉంటాయి. కానీ గేట్ పరీక్షలో అర్హత తెచ్చుకుని గుర్తింపు ఉన్న కాలేజీలో ఎం.టెక్. చేరితే నెలనెలా స్టైపెండు వస్తుంది. ఉద్యోగంలో చేరి, కొన్నేళ్ళకు మళ్ళీ చదవటమూ తప్పు కాదు. లక్ష్మణరావు గారు పాఠాలు చెబుతూ సంపాదించాక పై చదువుకు వెళ్ళినవారే.

మూడోది సొసైటీ పెద్దలకు మనవి. యతీం పిల్లలకు పదో తరగతి దాకా, ఇంటర్ దాకా సాయం చేసి చెయ్యి వదిలెయ్యకండి. జకాత్, సదఖా సొమ్ము అర్హులైన విద్యార్థులకు ఎలా చేర్చాలో ఆలిములను అడిగి తెలుసుకుందాం. ఏడాదికి ఒక్క అబ్బాయినో, అమ్మాయినో ఎం.టెక్. దాకా తీసుకెళ్ళినా పదేళ్ళకు పదిమంది అవుతారు. ఇల్మ్ సంపాదించటం మన దీన్‌లో ఫర్జ్. దానికి డిగ్రీ దగ్గర హద్దు గీసినవాళ్ళం మనమే.

అల్లా మన బిడ్డలకు మెహనత్ చేసే శక్తిని, మనకు వాళ్ళ వెనక నిలబడే మనసును ప్రసాదించుగాక. ఆమీన్.